ఆయన గీసి వదిలిన గుడ్డలకు రంగు వెయ్యనా?

ప్రశ్న: అక్కా, మాది శ్రీకాళహస్తి. మా ఆయన కలంకారీ గీసేవాడు, నేను రంగులు నింపేదాన్ని. పెళ్ళయిన కాడినుంచీ ఇదే పని. మాకు ఒక పాప. మొన్న కార్తీకంలో ఆయన పోయినాడు. కిడ్నీ జబ్బు. తిరుపతి ఆస్పత్రి చుట్టూ చానా దినాలు తిరిగినాం. నల్లగీత వరకు గీసి వదిలిన గుడ్డలు ఆరు పెట్టెలో ఉండాయి. వాటిలో రెండు రామాయణం గుడ్డలు, హైదరాబాదు షాపాయన అడ్వాన్సు ఇచ్చినవి. రంగు వేద్దామని తీస్తే చెయ్యి ఆడదు. వేసేస్తే ఆయన పని అయిపోతాది, ఇంకేం మిగలదు అనిపిస్తాది. ఈ మధ్య ఒక రాత్రి నిద్ర పట్టక గుడ్డముక్క మీద నేనే కలం పట్టినాను. దేవుళ్ళెవరూ రాలేదు. ఆయన సైకిలు, ఆస్పత్రి వరండాలో మేం పరుచుకున్న చాప, స్టీలు క్యారియరు వచ్చినాయి. ఆయన ముఖం మాత్రం ఎంత గీసినా రాలేదు. గీతంతా వణుకే. మా అత్త చూసి 'చావును గుడ్డ మీదికి ఎక్కిస్తావా, ఇంటికి మంచిది కాదు' అని ఏడ్చింది. మా ఆడబిడ్డ కొడుకు దాన్ని ఫోటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే బెంగుళూరు నుంచి ఎవరో ఫోన్ చేసి కొంటామన్నారు. మా ఆయన పోయిన కథ కూడా రాసిమ్మన్నారు. ఇది బాధను అమ్ముకోవడం కాదా? అసలు నేను గీయొచ్చా? ఆ ఆరు గుడ్డల్ని ఏం చెయ్యాల?

— ఒక చెల్లెలు, శ్రీకాళహస్తి

సమాధానం:

చెల్లీ, అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. నువ్వు అడిగినవాటిలో పెట్టెలోని గుడ్డల సంగతి ముందు చెప్పాలి. మిగతావాటికి ఆగవచ్చు, దానికి ఆగడానికి లేదు.

రంగు వెయ్యి. ఐదింటికి వెయ్యి, ఒకటి దాచుకో. గుడ్డ గుణం తెలిసే ఈ మాట చెబుతున్నాను. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డను మడతపెట్టి పెట్టెలో పెడితే అది పురుగును పిలుస్తుంది. వానాకాలం వస్తే బూజు. దానికంటే పెద్ద సంగతి, కసిమి. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నానబెట్టి తీసిన ఆ నలుపు కరక్కాయతో కలిసి నూలులో కూర్చుంటుంది, కాని ఏళ్ళు గడిచేకొద్దీ ఆ నూలునే తింటుంది. పాత అద్దకం గుడ్డలు ఎక్కడైనా చూడు, ఎరుపూ పసుపూ బాగానే ఉంటాయి, నల్లగీత ఉన్నచోటే దారం తెగి ఉంటుంది. పెట్టెలో భద్రంగా ఉన్నాయని నువ్వు అనుకుంటున్నావు. ఆయన గీత అక్కడ భద్రంగా లేదు తల్లీ.

దాచుకోదలచిన ఆ ఒక్కటి ఏదో నువ్వే ఎంచుకో. అడ్వాన్సు తీసుకున్న రెండింటిలో మాత్రం వద్దు. మడతపెట్టకుండా, తెల్ల నూలుగుడ్డ పరిచి గొట్టానికి చుట్టు. మడత పడినచోట నల్లగీత ముందు విరుగుతుంది. అప్పుడప్పుడు నీడలో ఆరబెట్టు. మిగతా ఐదింటికీ రంగు పెట్టకముందు పెద్ద ట్రేసింగ్ కాగితం తెచ్చి గీతలన్నీ ఎత్తిపెట్టుకో, పగటి వెలుతురులో ఫోటోలు కూడా తీయించు. రేపు నీ పాపకు గానీ, నీకే గానీ ఆయన చెయ్యి ఎక్కడ ఎలా తిరిగిందో చూడాలనిపిస్తే ఉంటుంది.

ఇక 'వేసేస్తే ఆయన పని అయిపోతాది' అన్నావు. ఇన్నేళ్ళూ ఆ గుడ్డలు సగం నీవి. ఆయన ఎక్కడ గీత ఆపాడో అక్కడ నీ రంగు మొదలయ్యేది. రాముడి ఒంటికి ఎంత నీలం పడితే ముదరకుండా ఉంటుందో, పటిక ఎంత పలచగా పూస్తే ఎరుపు మండిపోకుండా తేలుతుందో తెలిసింది నీకు. మన దగ్గర ఒక అన్యాయం చాలాకాలంగా జరుగుతోంది. కలం పట్టినవాడిని కళాకారుడన్నారు, వీపు వంచి నెలంతా రంగులు నింపిన ఆడవాళ్ళను కూలిమనుషులన్నారు. అవార్డుల దగ్గరా అంతే, గుడ్డ మీద పేరు దగ్గరా అంతే. అందుకని ఈ ఐదు గుడ్డలకూ అంచులో, చిన్న అక్షరాలతోనైనా, గీత ఆయనదని ఆయన పేరు, రంగు నీదని నీ పేరు రాయి. షాపాయన వద్దంటే ఒప్పించు. ఈ విషయంలో నేను చాలా గట్టిగా ఉన్నాను.

రంగులన్నీ అయ్యాక, ఉతుకుల్లో అక్కడక్కడ తేలిపోయిన నల్లగీతను మళ్ళీ కలంతో దిద్దుతారు కదా. ఆ పని ఆయనే చేసుకునేవాడు అనుకుంటాను. ఈసారి నువ్వు చెయ్యాలి. అక్కడికి వచ్చినప్పుడు భయపడకు, వేరేవాళ్ళ చేతికి ఇవ్వకు. ఆయన గీసిన దారిలోనే నీ కలం నడుస్తుంది, తప్పిపోయేంత ఖాళీ అక్కడ ఉండదు. గీయడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నీకు దొరకదు.

చెయ్యి ఆడని రోజులు ఇంకా వస్తాయి. ఆ రోజుల్లో ఏం చెయ్యాలన్నది నీ పనిలోనే ఉంది. బొమ్మ గీయడం, రంగు పెట్టడం మీ పనిలో ఎంత, మిగతాది ఎంత? గాడా గుడ్డ, అదే ముతక నూలుగుడ్డ, గంజి పోయేదాకా ఉతకాలి. కరక్కాయ దంచాలి. వెదురుపుల్లలు చెక్కి, మొన దగ్గర గుడ్డపీలిక చుట్టి, దారంతో బిగించి కలాలు కట్టాలి. చింతపుల్లలు కాల్చి బొగ్గు చేసుకోవాలి. కసిమి కుండ మూతతీసి చూడాలి, వడకట్టాలి. స్వర్ణముఖిలో నీళ్ళుంటే గుడ్డలు జాడించాలి. వీటిలో ఏదీ నీ మనసు బాగుండాలని అడగదు. బొమ్మ దగ్గర కూర్చోలేని రోజు ఒక కలం కట్టు. ఆ ఒక్కటి చేస్తే ఆ రోజు పనిలోకి వచ్చినట్టే. దుఃఖంలో ఉన్న చాలామంది చిత్రకారులకు ఈ సౌకర్యం లేదు. తెల్లకాగితం, వాళ్ళు, అంతే. నీకు మాత్రం పొయ్యి వెలిగించడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం ఉన్నాయి. ఆరే గుడ్డ దగ్గర ఊరికే కూర్చోవడం కూడా పనే.

ఇప్పుడు రాత్రిపూట గీసిన ఆ గుడ్డముక్క.

గీయొచ్చా అని అడిగావు. నువ్వు అడగకముందే గీశావు, అది వచ్చేసింది. సైకిలు, చాప, క్యారియరు. ఎవరో చెబితే గీసినవి కావవి. ఆస్పత్రి వరండాలో రోజులు గడిపిన మనిషి కంట్లో పడే వస్తువులు అవే. నీ ఉత్తరంలో ఆ మూడు మాటలు చదివి నేను కాసేపు పక్కనబెట్టి మళ్ళీ తీసుకున్నాను. ముఖం రాలేదని బాధపడుతున్నావు. రానివ్వకు. ముఖంతో మొదలుపెడితే ఫోటోతో పోల్చుకుంటావు, ముక్కు సరిపోలేదని కలం పారేస్తావు. ఆయన గుడ్డ మీదికి ఎలా వంగేవాడో ఆ వీపు గియ్యి. కలం పట్టిన వేళ్ళు గియ్యి. నల్లమరకలు పడిన లుంగీ గియ్యి. ముఖం ఎప్పటికీ రాకపోయినా ఆ గుడ్డలో ఆయనే ఉంటాడు.

దీనికి సాక్ష్యంగా ఒకరి సంగతి చెబుతాను. జర్మనీలో కేటె కోల్‌విట్స్ అనే చిత్రకారిణి ఉండేది. 1914 అక్టోబరులో ఆమె చిన్నకొడుకు పీటర్ బెల్జియంలో యుద్ధంలో చనిపోయాడు. 18 ఏళ్ళవాడు. తండ్రి ఒప్పుకోకపోతే నచ్చజెప్పి సైన్యంలో చేరనిచ్చింది ఈ తల్లే. ఆ ఏడాదే వాడికోసం ఒక శిల్పం మొదలుపెట్టింది. కొడుకు పడుకుని ఉంటాడు, తలదగ్గర తండ్రి, కాళ్ళదగ్గర తల్లి. అలా అనుకుంది. కొన్నేళ్ళు చేసి, కుదరక 1919లో ఆపేసింది. తర్వాత మళ్ళీ పట్టుకుంది. 1932లో ఆ శిల్పాన్ని కొడుకును పూడ్చిన చోట నిలబెట్టేసరికి అందులో కొడుకు లేడు. మోకాళ్ళమీద ఉన్న తల్లి, తండ్రి మాత్రమే మిగిలారు. తల్లికి తన ముఖం, తండ్రికి భర్త ముఖం పెట్టింది. మధ్యలో ఆ 18 ఏళ్ళూ ఆమె వేరే బొమ్మలు చేస్తూనే ఉంది. ఆ ఒక్క పనిని మాత్రం దాని వేళకు వదిలేసింది.

మన దేశంలోనే పుట్టిన జరీనా హష్మీ అనే చిత్రకారిణి ఇంకో దారిలో వెళ్ళింది. అలీగఢ్‌లో పుట్టి, దేశదేశాలు తిరిగి న్యూయార్క్‌లో స్థిరపడిన మనిషి. పాకిస్తాన్‌లో ఉన్న ఆమె అక్క రాణి, తమ తల్లిదండ్రులు పోయినప్పుడు, ఇల్లు అమ్మినప్పుడు ఉర్దూలో ఉత్తరాలు రాసి పోస్టు చెయ్యకుండా దాచుకుంది. ఆ ఉత్తరాలు తర్వాత చేతికొస్తే, 2004లో జరీనా వాటి మీద ఇంటి నమూనా గీతలు, ఊళ్ళ పటాలు వేసి అచ్చులు తీసింది. మనిషి బొమ్మ ఒక్కటి లేదు. గోడలు, గుమ్మాలు, అక్క చేతిరాత, అంతే.

మీ అత్తగారి మాటకు వస్తాను. ఆమెను తప్పుపట్టకు. కోల్‌విట్స్ శిల్పంలో తల్లి ఒక దిమ్మ మీద, తండ్రి ఇంకో దిమ్మ మీద ఉంటారు. ఒకరినొకరు పట్టుకోరు, మధ్యలో ఖాళీ. మీ ఇంట్లోనూ అలాగే ఉందనిపిస్తోంది. నీకు భర్త పోయాడు, ఆమెకు కడుపున పుట్టినవాడు పోయాడు, ఇద్దరూ చెరో మూల. ఆస్పత్రి చాపను చూసి ఆమె ఏడ్చింది అరిష్టం అని కాదేమో. ఆ చాప మీద తన కొడుకును చూసింది. ఒకరోజు తీరిగ్గా ఉన్నప్పుడు, గుడ్డ ఊసెత్తకుండా, ఆయన చిన్నప్పుడు ఎలా ఉండేవాడో అడుగు. మొదట ఎప్పుడు బొగ్గు పట్టుకున్నాడు, ఏ గోడ పాడుచేశాడు. ఆమె చెప్పేది విను, వీలైతే ఆమె ముందే చిన్నగా గియ్యి. ఆమె చెప్పిన బొమ్మ గుడ్డలోకి వచ్చాక దాన్ని తీసెయ్యమనడానికి ఆమెకే మనసు రాదు.

ఇంకా శకునం మాట వస్తే, మీ ఇంట్లో ఏళ్ళుగా తయారైన గుడ్డలనే చూపించు. రామాయణం గుడ్డలో నడుమ పట్టాభిషేకం ఉంటుంది, నిజమే. చుట్టూ వరసల్లో ఏముంది? దశరథుడు ప్రాణం విడవడం, వాలి మీద పడి తార ఏడవడం, రావణుడి దగ్గర మండోదరి. అవన్నీ మీ ఆయన గీశాడు, నువ్వు రంగు వేశావు, జనం కొనుక్కుని ఇళ్ళలో వేలాడదీసుకున్నారు. తార ఏడుపు గుడ్డకు ఎక్కగా లేనిది నీ ఏడుపు ఎందుకు ఎక్కకూడదు?

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇక్కడే ఉంది. నీ దుఃఖం గీయడానికి కొత్త పద్ధతి వెతుక్కోకు. నీకు తెలిసిన గుడ్డ అమరికే వాడు. వరసలు, గడులు, గడి కింద ఒక తెలుగు వాక్యం. ఒక గడిలో సైకిలు. ఒక గడిలో వరండా. ఒక గడిలో క్యారియరు మూత తీస్తున్న చెయ్యి. కింద ఏం జరిగిందో ఉన్నదున్నట్టు ఒక వాక్యం రాయి, మీ ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే. నడుమ పెద్దగడిలో ఏం వస్తుందో ఇప్పుడే తేల్చనక్కర్లేదు. చుట్టూ ఉన్నవి పూర్తయ్యేదాకా అది తెల్లగా ఉండనీ.

ఒక్క ప్రశ్న మాత్రం నీకు వదిలేస్తాను. నీలం రాముడికి, కృష్ణుడికి వెళ్తుంది. పసుపు ఆడవాళ్ళ ఒంటికి, ఆకుపచ్చ హనుమంతుడికి, ఎరుపు వెనక నేలకు. మరి మీ ఆయన ఒంటికి ఏ రంగు? దీనికి గురువులు చెప్పిన లెక్క ఏదీ లేదు. రంగులు తెలిసిన దానివి నువ్వు, ఆ మనిషి తెలిసిందీ నీకే. ఇది ఇంకెవరూ చెప్పలేరు.

గీత వణికిందన్నావు. కొంత వణుకు దుఃఖానిది, కొంత అలవాటు లేనిది. రెండోది సాధనతో పోతుంది. కలం మొన మీది పీలికను వేళ్ళతో ఎంత నొక్కితే అంత కసిమి దిగుతుంది, ఎక్కువ నొక్కితే ముద్ద పడుతుంది, చెరిపితే పోదు. అది చేతికి పట్టాలంటే రోజూ కొంచెంసేపు అంచులు గీయాలి. తీగలు, పూలు, చుక్కలు. పొడవు గీత ఊపిరి బిగబట్టకుండా లాగడం. కళ్ళు, వేళ్ళు చివర్లో. ఆయన గీతను దిద్ది నేర్చుకోవడంలో తప్పేమీ లేదు, గురువు గీత దిద్దనివాళ్ళు మీ ఊళ్ళో ఎవరున్నారు? షాపుల ఆర్డర్లకు అలాగే గియ్యి. నీ సొంత గుడ్డను మాత్రం ఆయన చేతిలా గీయాలని చూడకు. అక్కడ గీత ఎలా వస్తే అలా రానీ.

ఆడది కలం పట్టడమేంటని ఎవరైనా అంటే పట్టించుకోకు. ఈ విద్య ఆరిపోయే స్థితికి వచ్చినప్పుడు చేతిపనులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ పూనుకుంటే 1957లో మీ ఊళ్ళోనే శిక్షణ కేంద్రం పెట్టి, నేర్చుకుంటామన్నవాళ్ళకు నేర్పారు. అది ఏ ఒక్క ఇంటి సొత్తుగానో మిగిలి ఉంటే ఈపాటికి లేకపోయేది. ఇవాళ శ్రీకాళహస్తిలో సొంతంగా గీసే ఆడవాళ్ళు ఎంతోమంది. ఒకరిని వెతుక్కుని వారానికి ఒకపూట వాళ్ళ దగ్గర కూర్చో. పద్ధతిగా నేర్చుకోవాలనుకుంటే తిరుపతిలో టీటీడీ శిల్పకళాశాలలో కలంకారీ కోర్సు ఉంది, వెళ్ళి కనుక్కో.

బెంగుళూరు వాళ్ళ సంగతి. బాధను గీసి అమ్మడం తప్పు కాదు. కూలి చేసినట్టే ఇదీ నీ పని, దానికి ధర ఉంది. కాని ఈ గుడ్డముక్కను ఇప్పుడు అమ్మవద్దంటాను. అది నీ పెద్దగుడ్డకు మొదటి గడి, నీకింకా దానితో పని ఉంది. ఇంకా ఒకటి నాకు నచ్చలేదు. గుడ్డతోపాటు కథ రాసిమ్మని అడగడం. కొనేవాళ్ళకు గుడ్డ మీద నువ్వు ఏం రాస్తే అదే చాలు. ఆయన జబ్బు, చివరి రోజులు, మీ ఇంటి మాటలు కాగితం మీద పెట్టి ఇవ్వాల్సిన బాధ్యత నీకు లేదు. 'ఇప్పుడు అమ్మడంలేదు, తర్వాత చెబుతాను' అని మర్యాదగా చెప్పు. మళ్ళీ అడిగితే అప్పుడూ నీ ఇష్టమే. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినదాన్ని తీసెయ్యమని ఆ అబ్బాయితో చెప్పు. నిన్నడక్కుండా పెట్టాడు, ప్రేమతోనే పెట్టి ఉంటాడు, అయినా తీసెయ్యాలి. గుడ్డ తయారయ్యే దశలో పదిమంది మెచ్చుకోలు కూడా చేతిని తప్పుదారి పట్టిస్తుంది.

డబ్బు గురించి నువ్వు రాయలేదు, నేనే అడుగుతున్నాను. ఎన్టీఆర్ భరోసా కింద వితంతువులకు నెలకు ₹4,000 పింఛను 2024 జులై నుంచి ఇస్తున్నారు. దరఖాస్తు పెట్టకపోతే మరణ ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డు తీసుకుని మీ సచివాలయానికి వెళ్ళు. కేంద్ర హస్తకళల శాఖ ఇచ్చే పహచాన్ కార్డు ఆయన పేరు మీద మాత్రమే ఉందేమో చూసుకో. నీ పేరుతో నీకు వేరే కార్డు ఉండాలి. మేళాలకు, అప్పులకు అదే అడుగుతారు. ఆర్డర్ల పని పగలు, నీ గుడ్డ వేరే వేళ. రెంటినీ ఒకే కూర్చోవడంలో కలపకు.

నిద్ర పట్టడంలేదన్నావు. గీయడం నిద్రకు, తిండికి బదులు కాదు. వారాల తరబడి నిద్రే లేకపోయినా, తిండి సయించకపోయినా, బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, 14416కు ఫోన్ చెయ్యి. టెలిమానస్ అంటారు, మనసు బాగోలేనివాళ్ళకోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రైనా పగలైనా తెలుగులోనే మాట్లాడతారు. ఏడాది దాటినా రోజువారీ పనులు చేసుకోలేనంత బరువుగా ఉంటే డాక్టరుకు చూపించుకోవాలి. దానికి వైద్యం ఉంది, సిగ్గుపడాల్సింది లేదు. పాపకు కూడా ఒక గుడ్డముక్క, బొగ్గు ఇచ్చి పక్కన కూర్చోబెట్టు. ఏం గీసిందని వెంటనే అడక్కు.

హైదరాబాదు షాపాయనకు ఈ వారమే ఫోన్ చెయ్యి. అడ్వాన్సు తీసుకున్న మాట నిలబెట్టుకుంటానని, గుడ్డలు ఫలానా నెలకు ఇస్తానని చెప్పు. ఆ నెల ఏదో నువ్వు లెక్కవేసుకున్నదానికి ఇంకో నెల కలిపి చెప్పు. ఉతుకులకు, ఎండకు, చెయ్యి ఆడని రోజులకు అది కావాలి. అంచులో రెండు పేర్లు ఉంటాయని కూడా ఆ ఫోన్‌లోనే చెప్పెయ్యి.